పాతది ఉంటే కట్టుకోనా?

నెల్లూరు నుంచి తీరం వెంబడి దక్షిణంగా పోతూ, దుగరాజపట్నం ఇంకా కొంత దూరం ఉందనగా ఒక పల్లెలో ఆగాం. ఇసకలో పరిచిన ఎండుచేపల్ని తిరగేస్తున్న ఒక పెద్దామెని, "పాత చీర ఏదైనా ఉంటే ఇస్తావా అవ్వా?" అని అడిగాను. "ఎందుకూ?" అంది. యూనివర్సిటీలో దాచిపెడతామని, అప్పట్లో ఈ పక్క ఆడవాళ్ళు రోజూ ఏం కట్టుకునేవాళ్ళో పిల్లలు చూసి తెలుసుకుంటారని చెప్పాను. ఆమె నన్నూ నా నేతచీరనీ ఒకసారి కిందనుంచి పైదాకా చూసింది.

"పాతది ఉంటే కట్టుకోనా?" అంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. తిరుగు ప్రయాణంలో మాత్రం ఎవరం మాట్లాడలేదు. దాచుకోవడానికి ముందు మిగలాలన్న సంగతి, చరిత్ర చదువుకుని చరిత్ర చెప్పుకుని బతుకుతున్న నాకు అంతవరకూ తట్టలేదు.

ఒక విశ్వవిద్యాలయంలో హోమ్‌సైన్స్ వాళ్ళూ చరిత్ర వాళ్ళూ కలిసి నెల్లూరు తీరపు ఆడవాళ్ళ మామూలు బట్టలు సేకరించే పని మొదలుపెడితే అందులో చేరాను. విద్యార్థినుల ద్వారా ఇంటింటికీ కబురు పంపాం. మొదట్లో వచ్చినవన్నీ పట్టుచీరలే. పెళ్ళి చీరలు, జరీ నల్లబడిన వెంకటగిరి చీరలు, ఒకటి రెండుసార్లు కట్టి పెట్టెలో పెట్టేసినవి. రోజూ కట్టుకున్నవి కావాలమ్మా అంటే మొహమాటపడ్డారు. "అట్టాంటివి ఎట్టా ఇస్తాం, చూసినోళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు. ఇచ్చిన కొద్దిమందీ శుభ్రంగా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చారు. భద్రపరచడం నేర్చుకున్న వాళ్ళు చెప్పేది దీనికి సరిగ్గా తలకిందులు. ఉతకొద్దు, మరక చెరిపితే సాక్ష్యం చెరిగిపోతుంది, గంజి ఉంటే పురుగు వెతుక్కుంటూ వస్తుంది అంటారు. మడత పెట్టిన చోటే బట్ట ముందు చిరుగుతుంది కనుక గొట్టానికి చుట్టి పెట్టాలి, ఆమ్లం లేని కాగితం వాడాలి, వెలుతురు 50 లక్స్ దాటకూడదు, గాలిలో తేమ ఎక్కువ తక్కువలు కాకూడదు. కార్తీకంలో వాయుగుండం పట్టి మూడేసి రోజులు కరెంటు ఉండని ఊళ్ళలో, ఉప్పుగాలికి ఇనప బీరువాలే తుప్పు పట్టే చోట ఇవన్నీ ఎలా సాధ్యం అన్నది వేరే కథ. నన్ను ఆపింది ఆ ఇస్త్రీ మడత. మురికి బట్ట పరాయి చేతికి ఇవ్వకపోవడం ఆ ఆడవాళ్ళ మర్యాద. మాకేమో ఆ మురికే కావాలి. పసుపు మరక, పాల మరక, వక్కాకు మరక. ఏ హక్కుతో అడుగుతున్నాం?

మామూలు చీర ఎందుకు దొరకదో తెలియాలంటే దాని బతుకు తెలియాలి. కొత్తలో పండక్కి, ఊరికి వెళ్ళడానికి. కొంచెం వెలిశాక ఇంట్లోకి. అంచు పీలికలయ్యాక పొలానికి, నాట్లకి, ఉప్పుకయ్యల్లో పనికి. కూర్చునే చోట అరిగిపోతే అక్కడికి చింపేసి, ఇంకో పాతచీరలో బాగున్న సగాన్ని తెచ్చి అతికి కట్టుకుంటారు. ఆ పైన ముక్కలవుతుంది. పసిబిడ్డకి ఉయ్యాల, పక్కగుడ్డ, ముట్టుగుడ్డ, తల మీద బరువుకి చుట్టకుదురు. నాలుగు ఐదు చీరలు పొరలుగా పరిస్తే బొంత. చివరికి మసిగుడ్డ, ఇల్లలికే గుడ్డ, దీపంలో ఒత్తి. ఒక్క పోగు వృథా పోదు. దానికి అంతం నిప్పులోనో మట్టిలోనో. నూలు బట్ట తొందరగా చివికిపోతుంది కనుక మిగల్లేదని పుస్తకాల్లో రాస్తారు. చివికిపోవడానికి ఆడవాళ్ళు దాన్ని వదిలిపెడితే కదా!

అందుకే మ్యూజియంలో ఉన్నది కట్టుకోని బట్ట. కట్టుకున్నది మ్యూజియం దాకా రాదు.

తెలుగులో బట్టల పేర్లకి కొదవ లేదు. పాల్కురికి సోమన చీరల పేర్లు వరసపెట్టి చెప్పుకుంటూ పోతాడు. 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో సురవరం ప్రతాపరెడ్డి కావ్యాల్లోని ఇలాంటి వివరాలతోనే జనం కట్టూ బొట్టూ పోగుచేశారు. పేర్లున్నాయి. వాటిలో ఒక్కదానిది జానెడు పేలిక చూపించమంటే చూపించలేం.

మా తీరం నుంచి పోయిన బట్ట మాత్రం పరాయి దేశాల్లో పదిలంగా ఉంది. ప్రళయకావేరి సరస్సు ఒడ్డున పులికాట్‌లో డచ్చివాళ్ళు 1610లో అడుగుపెట్టారు, 1613కి కోట కట్టుకున్నారు. దానికి ఉత్తరాన దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషు కంపెనీ గిడ్డంగి పెట్టింది. వాళ్ళ కాగితాల్లో ఆ ఊరు ఆర్మగాన్. అందరూ వచ్చింది బట్ట కోసమే. ఇంకా మంచి బట్ట ఇంకా చవగ్గా దొరికే చోటు వెతుక్కుంటూ 1639లో ఫ్రాన్సిస్ డే ఇక్కణ్ణించే వెళ్ళి చెన్నపట్నం స్థలం సంపాదించాడు. గళ్ళ రుమాలుకి పులికాట్ పేరు ఎంత స్థిరపడిందంటే, పద్దెనిమిదో శతాబ్దం చివరికి స్కాట్లాండు నేతగాళ్ళు తాము నేసిన రుమాళ్ళని కూడా పులికేట్లనే అమ్ముకున్నారు. వాళ్ళలో ఎందరికి ఈ సరస్సు ఎక్కడుందో తెలుసో! ఇప్పటికీ మా వైపు మగవాళ్ళు కట్టే గళ్ళ లుంగీ చూస్తే నాకు ఆ రుమాలే గుర్తొస్తుంది.

ఎర్రరంగుకి వాడిన చిరివేరు ఈ తీరపు ఇసకనేలల్లో దొరుకుతుంది. శ్రీహరికోట యానాదులు అడవి నుంచి తెచ్చే సరుకుల్లో చిరివేరు కూడా ఉందని 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో కనిపిస్తుంది. వేరు తవ్విన మనిషి ఒంటి మీద ఏముందో ఆ సరుకుల జాబితా చెప్పదు. అదే సంపుటాల్లో మాలలు ముతక తెల్లగుడ్డ నేసేవాళ్ళని ఉంది. కూలినాలి చేసుకునే ఆడవాళ్ళు కట్టింది ఎక్కువగా అలాంటి ముతక గుడ్డే అయ్యుండాలి. వెంకటగిరి నేతకి సంస్థానం అండ ఉంది, పేరుంది, చీరలు మిగిలాయి. మాల మగ్గానికి ఆ మూడూ లేవు. మిల్లు గుడ్డ వచ్చి ముందు కొట్టింది దాన్నే. మా సేకరణలో ఆ ముతక తెల్లగుడ్డ ఒక్క మూర లేదు.

మామూలు జనం బట్టని మొట్టమొదట ఒక పద్ధతిగా పోగుచేసినవాడు జాన్ ఫోర్బ్స్ వాట్సన్. లండన్‌లోని ఇండియా మ్యూజియంలో ఉన్న బట్టల్ని ముక్కలుగా కత్తిరించి, 700 నమూనాలు 18 సంపుటాల్లో అతికించి, 1866లో 20 సెట్లు తయారుచేయించాడు. 13 బ్రిటన్‌లో ఉంచారు, 7 ఇండియాకి పంపారు. కుట్టకుండా చుట్టుకునే బట్టకి పొడవు, వెడల్పు, అంచు ఎంత ముఖ్యమో ఆయన బాగా గమనించాడు. చీరలు, ధోవతులు, తలపాగాలు, లుంగీలు వేరుచేశాడు. మన పండితులెవరూ పట్టించుకోని వాటిని అంత శ్రద్ధగా చూశాడు. ఎందుకయ్యా అంటే, మాంచెస్టర్ మిల్లులవాళ్ళు ఇక్కడి జనానికి నచ్చే బట్ట ఎలా ఉంటుందో చూసి నేసి అమ్ముకోవడానికి. మన నిత్యవస్త్రాల తొలి భాండాగారం మన మగ్గాన్ని పడగొట్టడానికి తయారైంది. ఆ సంపుటాలు లేకపోతే మనకి ఆ మాత్రం కూడా తెలిసేది కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి మింగడం కష్టంగానే ఉంటుంది.

మా పని మొదలుపెట్టేటప్పుడు మేం ముందు పెట్టుకున్న నమూనా అమెరికాలోని స్మిత్ కాలేజీది. అక్కడి నాటకశాఖలో కికి స్మిత్ అనే అధ్యాపకురాలు ఏళ్ళ తరబడి మామూలు స్త్రీల బట్టలు కూడబెట్టారు. ఇంట్లో వేసుకునేవి, పనికి వేసుకునేవి, మాసికలు పడ్డవి. 2024లో న్యూయార్క్‌లో వాటిని ప్రదర్శనకి పెట్టారు. కుట్టిన బట్టలో ఒళ్ళు ఉంటుంది. చంక దగ్గర చెమట, గర్భంతో ఉన్నప్పుడు వదులు చేసుకున్న కుట్టు, మోచేతి దగ్గర అతుకు. చీరలో ఒళ్ళు ఎక్కడ వెతకాలి? విప్పి పరిస్తే అయిదున్నర గజాల గుడ్డ, అంతే.

నెమ్మదిగా చూడడం నేర్చుకున్నాం. మడమ తగిలే చోట అంచు నలిగి ఉంటుంది. బొడ్లో దోపే చోట పోగులు సాగి ఉంటాయి. కొంగు మూల చూడండి. అక్కడ ముడి వేసీ విప్పీ, వేసీ విప్పీ గుడ్డ మెత్తబడి కొంచెం ముడుచుకుపోయి ఉంటుంది. ఆమె డబ్బు అక్కడే ఉండేది, మొగుడికి చెప్పనిది కూడా. గోచీ పెట్టి కట్టినదానికి అరుగుదల ఒక చోట, కుచ్చిళ్ళు పెట్టినదానికి ఇంకో చోట. చంటిబిడ్డని నడుం మీద వేసుకుని మోసినవాళ్ళ చీర ఎడమపక్క వేరుగా అరుగుతుంది.

ఇంకొకటి ఉంది. ఒక పాత నూలుచీర మూల మీద రెండు చుక్కలూ ఒక గీతా నల్లగా కనిపిస్తే, మా అమ్మాయి ఒకతె "మరకలు" అని కార్డులో రాసింది. అవి మరకలు కావు, చాకలి గుర్తు. నల్లజీడి రసంతో పెట్టి సున్నం అద్దితే ఎన్ని ఉబ్బలు వేసినా పోదు. ఊళ్ళో ఏ ఇంటికి ఏ గుర్తో చాకలామెకి తెలుసు. చుక్కలు, గీతలు, అడ్డగీతలు, ముగ్గు ముక్కలాంటివి. అక్షరం రాదని మనం అనుకున్న మనిషి, ఊరందరి బట్టల మీదా చెరగని సిరాతో ఒక లిపి రాసింది. దాన్ని మరక అని మేమే రాశాం. ఆ గుర్తులు చదవగలిగిన మనిషి కోసం వెతికాం. దొరికిన ఒక్క పెద్దామే చెప్పింది: ఏ ఇంటి కోడలికి నెల తప్పిందో అత్తకన్నా ముందు తనకి తెలిసేదట, మూటలో గుడ్డ రాకపోతే. ఊరి గర్భాల లెక్క, కాన్పుల లెక్క, తడిసిన పక్కబట్టల లెక్క ఆమె దగ్గరుండేవి. మైల అని మనం దూరంగా విసిరిన గుడ్డల్ని చేత్తో ఎత్తుకున్నది ఆమె. ఇన్నేళ్ళకి ఆ లెక్క అడగడానికి నేను నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళాను. ఆమె చెప్పింది, చెబుతూ ఒకచోట ఆగి, "ఇవన్నీ రాసుకుంటావా?" అని అడిగింది. కొన్ని రాసుకోలేదు.

మా కార్డులో దాత పేరు, నేసిన ఊరు, నూలు కౌంటు, జరీ, అంచు, కాలం అని గళ్ళు ఉండేవి. ఎవరు ఉతికారు, ఎక్కడ చిరిగింది, చిరిగాక ఏం చేశారు అన్న గళ్ళు చేర్చమన్నాను. "ఇది మ్యూజియమా, చాకిరేవా?" అని ఒక సహోద్యోగి నవ్వుతూ అన్నాడు. చివరికి కాగితం వెనకవైపు రాసుకోమన్నారు. ఆ వెనకవైపు కూడా సరిపోని ప్రశ్న మా విద్యార్థిని ఒకమ్మాయి వేసింది. "మా అమ్మ కట్టుకున్న చీరలు చానా మటుకు ఆసామి ఇంటి పాతచీరలే మేడమ్. పండక్కి కూలి మీద ఇచ్చేవాళ్ళు. దాత పేరు ఎవరిది రాస్తారు?" ఆ గదిలో పట్టుచీరలు ఇచ్చిన ఇళ్ళ అమ్మాయిలు కూడా ఉన్నారు. ఒకే చీర రెండు కులాల ఒంటి మీద అరుగుతుంది. మొదటి అరుగుదల ఎక్కడ ఆగింది, రెండోది ఎక్కడ మొదలైంది? పైన ఎన్ని పొరలుంటాయో చూడకుండా "నెల్లూరు స్త్రీ" అని రాసేస్తే మనం ఎవరి చరిత్ర రాసినట్టు?

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటల్ని మాటలుగానే చరిత్ర చేయవచ్చని మా తరం నేర్చుకుంది. మాట లేకుండా బట్టని దాచితే అది మూగదే అని నాకిప్పుడు అనిపిస్తోంది. గాంధీ 1921 ఏప్రిల్ 7న పల్లిపాడులో సత్యాగ్రహాశ్రమం ప్రారంభించారు. దానికి భూమి ఇచ్చింది పొణకా కనకమ్మ. ఆ రోజుల తాలూకు రాట్నాలు మాకు ఇళ్ళల్లో కనిపించాయి, అటక మీంచి దించి తుడిచి చూపించారు. ఆ నూలుతో నేసి కట్టుకున్న చీర మాత్రం ఒక్కటి దొరకలేదు. రాట్నం గాంధీగారిది, చీర ఆడవాళ్ళది. కనకమ్మ స్వీయచరిత్ర 'కనకపుష్యరాగం' కూడా 2011 దాకా అచ్చులోకి రాలేదు. చీరలు ఎవరు దాస్తారు?

మామూలు ఆడమనిషి ఏం కట్టుకుందో ఖచ్చితంగా, రంగుతో సహా, మన దేశంలో రాసిపెట్టే కాగితం ఒకటుంది. శవపంచనామా. అనుమానాస్పదంగా చనిపోతే సీఆర్‌పీసీ 174వ సెక్షన్ కింద, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద, ఒంటి మీద గుడ్డలన్నీ రాస్తారు. చీర రంగు, పూలు, జాకెట్టు, లంగా, చిరిగిన చోటు. పుట్టింటివాళ్ళు కూడా అంత వివరంగా చెప్పలేరు. గుడ్డలు కోర్టులో నంబరు వేసిన వస్తువులవుతాయి, కేసు తేలి అప్పీళ్ళు కూడా ముగిశాక వాటిని తగలబెట్టడమో పారేయడమో చేస్తారు. లండన్ ఫౌండ్లింగ్ ఆస్పత్రిలో 1741 నుంచి 1760 దాకా బిడ్డల్ని వదిలి వెళ్ళిన తల్లుల నుంచి గుర్తు కోసం తీసుకున్న గుడ్డముక్కలు సుమారు 5000 చిట్టాల్లో అలాగే ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటన్‌లో మామూలు జనం బట్టకి అంతకన్నా పెద్ద సేకరణ లేదంటారు. తల్లీబిడ్డా విడిపోయారు కనుక ఆ గుడ్డ మిగిలింది. మనదగ్గర ఆడమనిషి చచ్చిపోతే ఆమె గుడ్డకి కొంతకాలం నంబరు వస్తుంది. పాత పంచనామాలు చదవనివ్వమని అర్జీ పెట్టుకుందామా అని అనుకున్నాం. ఆ కాగితాల్లోంచి చీరల రంగులు ఏరుకోవడం నాకే మనసొప్పక ఊరుకున్నాను. అది తప్పో ఒప్పో ఇంకా తేల్చుకోలేదు.

ఇతరుల్ని అడిగే ముందు నా సంగతి చెప్పుకోవాలి. మా అమ్మ పోయినప్పుడు ఆనవాయితీ ప్రకారం ఆమె నూలుచీరలన్నీ మూటకట్టి చాకలికి ఇచ్చేశాను. రెండు పట్టుచీరలు ఉంచుకున్నాను. జీవితంలో ఆమె వాటిని పది సార్లు కట్టుకుందో లేదో. వంటింట్లో, పెరట్లో, జ్వరంలో నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకున్నప్పుడు కట్టుకున్నవి ఇచ్చేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. మిగిలింది ఆమె కుట్టిన బొంత ఒకటి. చలికాలం నేను కప్పుకునేది. ఒక మూల చిరిగితే లోపలికి చూశాను. పైన పూల వాయిలు. దాని కింద గళ్ళ నేతచీర, అది మా నాయనమ్మది. ఇంకా కింద ముతక తెల్లటిది, ఎవరిదో తెలియదు. విప్పి చూడాలంటే అమ్మ కుట్లు కోయాలి. కోయలేదు. మా హోమ్‌సైన్స్ ఆవిడ, "మీ దిబ్బ తవ్వకుండా మీరే కాపలా కాస్తున్నారు" అని ఎగతాళి చేసింది.

బొంతలు కూడా ఇక రావు. మా తీరంలో ఇప్పుడు పనిలోకి కట్టుకునేది పాలియెస్టర్. దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారాకి ఎదురు తిరిగినప్పటి ఫొటోలు చూసినా నాకు కనిపించేవి ఎక్కువగా మిల్లు చీరలే. చవక, తొందరగా ఆరుతుంది, రంగు పోదు, ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను. ఉప్పునీళ్ళలో నడిచే మనిషికి ఆ సుఖం విలువ తెలుసు. కానీ అది తడి పీల్చదు. పక్కగుడ్డకి పనికిరాదు, ముట్టుగుడ్డకి పనికిరాదు, బొంత కుడితే జారిపోతుంది. పాతబడితే స్టీలు సామానువాడు కూడా ముక్కు విరుస్తాడు. అయితే చివకదు. రేపటి మ్యూజియంలో ఇవే కుప్పలుగా ఉంటాయేమో.

ఆర్నెల్ల తర్వాత మళ్ళీ ఆ పల్లెకి వెళ్ళాను. వట్టి చేతుల్తో వెళ్ళడం బాగోదని ఒక నూలుచీర కొన్నాను. కొంటున్నప్పుడే ఇది కూలి మీద ఇచ్చే పాతచీర లాంటిదే కదా అని నా మీద నాకే అనుమానం వచ్చింది. పెద్దామె గుర్తుపట్టింది. చీర విప్పి, అంచు వేళ్ళ మధ్య రుద్ది, వెలుగుకి పట్టి చూసింది. "ఎన్నేళ్ళు ఉంటాది?" అంది. రోజూ కడితే రెండేళ్ళు, మూడేళ్ళు అన్నాను.

"అయితే కట్టి చింపినాక ఇస్తాలే. అప్పుడొచ్చి తీసకపో."

పేరు రాసుకోమంటావా అని అడిగితే రాసుకోమంది. కార్డు రాశాను. నంబరు ఇంకా వేయలేదు.